కొక్కేనికి పట్టిన పూత

మేస్త్రీ పచ్చ నీళ్ళలో వేలు ముంచి వేడి చూశాడు. వేడి చూడడానికి తొట్టి అంచుకి గాజు గొట్టం కట్టే ఉంది. కాని ముందు వేలు వెళుతుంది, తరవాత కన్ను గొట్టం మీదికి వెళుతుంది. రెండూ ఒకే మాట చెబితే తల ఊపుతాడు. ఇవాళ ఊపాడు. వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. ఆ చొక్కా నిండా యాసిడ్ చుక్కలు తినేసిన కన్నాలు. "మా ఆయన చొక్కాలకి గుండీలకంటే కన్నాలే ఎక్కువ, ఏది ఎందులో పెట్టి బిగించుకుంటాడో ఆయనకే తెలియాలి" అని భార్య ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

పొడుగాటి రేకుల షెడ్డు అది. ఒక చివర తొట్లు, ఇంకో చివర పాలిష్ చక్రం. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి నడవడానికి చెక్క పట్టీలు పరిచారు. సైకిల్ హ్యాండిళ్ళు, కుళాయిలు, తలుపు గొళ్ళేలు, ఆసుపత్రి మంచాల కమ్ములు మాసిపోయి వస్తాయి, మెరుస్తూ పోతాయి.

పెద్ద తొట్టిలో ఉన్నది నికెల్ నీళ్ళు. రెండు పక్కలా రాగి కడ్డీల నుంచి, గుడ్డ సంచులు తొడిగిన నికెల్ పలకలు వేలాడుతుంటాయి. పూత పడాల్సిన వస్తువు మధ్య కడ్డీకి వేలాడాలి. పలకలకి ఎర్ర తీగ, వస్తువుకి నల్ల తీగ. రెండూ వెళ్ళి గోడవారనున్న కరెంటు పెట్టెలో చేరతాయి. మీట వేస్తే పలకలు కంటికి కనపడకుండా కరిగి నీళ్ళలోకి దిగుతాయి, నీళ్ళలోంచి అంతకంత వస్తువు మీదికెక్కి కూర్చుంటుంది. "పోయేది ఒక పక్క, వచ్చేది ఒక పక్క. అటు పోకుండా ఇటు రాదురా" అని పని నేర్పిన ముసలి మేస్త్రీ చెప్పాడు. తీగలు తారుమారైతే వస్తువే కరగడం మొదలుపెడుతుందని కూడా చెప్పాడు. ఆయన చెప్పిన చదువంతా అంతే. దానితోనే ఇతని తల నెరిసింది.

ఇవాళ పెద్ద తొట్టి ఖాళీగా ఉంచాడు. ఆసుపత్రి కమ్ములు రేపటికి తోసేశాడు. యజమాని వచ్చి ఎందుకని అడిగితే "చెల్లెలిది" అన్నాడు. యజమాని అలాగే వెనక్కి వెళ్ళాడు. ఏడాదికో రెండేళ్ళకో ఒక రోజు ఆ తొట్టి చెల్లెలిదవడం ఆయన తండ్రి రోజుల నుంచీ ఉన్నదే.

చెల్లెలి ఎడమ కాలు చిన్నప్పుడు జ్వరంలో చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా ఉక్కు కాలిపర్ వేసుకుని నడుస్తుంది. కాలికి అటొకటి ఇటొకటి రెండు బద్దలు, తొడకీ పిక్కకీ తోలు పట్టాలు, అడుగున బూటులోకి దూరే కమ్మి, మోకాలి దగ్గర కీలు. ఆ కీలు మీద ఒక ఉంగరం. నిలబడగానే అది జారి కీలుని బిగిస్తుంది, కూర్చోవాలంటే చేత్తో పైకి లాగాలి. నడిచినంతసేపూ ఆ ఉంగరం టక్ టక్ మంటూనే ఉంటుంది. ఉక్కుకి చెమట తగిలితే తుప్పు. తుప్పు రాకుండా పూత. ఆ పూత వేసేది అన్న.

రేపు ఆమె ఊరు విడిచి వెళుతోంది. చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని ఆమెది. వాళ్ళు ఎక్కడో దూరాన కొత్త ఫ్యాక్టరీ పెట్టి, అక్కడి ఆడపిల్లలకి కత్తిరింపు నేర్పడానికి ఈమెని సూపర్వైజరుగా పంపుతున్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు మేస్త్రీ "మంచిదే" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్కడ ఇలాంటి షెడ్డు ఉంటుందో ఉండదో. ఉన్నా, మోకాలి కీలు సంగతి తెలిసినవాడు దొరుకుతాడో లేదో. అందుకని ఇవాళ వేసే పూత ఎప్పటికంటే దట్టంగా పడాలి. తను లేని చోట ఏళ్ళ తరబడి నిలవాలి. అది నిలిచినన్నాళ్ళూ తను పక్కన ఉన్నట్టే అని అతను అనుకోలేదు. అలాంటివి అనుకునే మనిషి కాదు. పొద్దున్నే వచ్చి గుడ్డ సంచులు ఉతికి పలకలకి తొడిగాడు, అంతే.

"బావా, పిచ్చిక వస్తోంది!" చక్రం దగ్గర నుంచి బావమరిది కేకేశాడు.

"వినపడుతోంది."

పిచ్చిక అని చిన్నప్పుడు వీధి పిల్లలు పెట్టిన పేరు, గెంతుతూ నడుస్తుందని. ఏడిపించడానికి పెట్టారు. ఆమె ఏడవకుండా ఆ పేరుకి పలకడం మొదలుపెట్టేసరికి వాళ్ళకి ఏం చేయాలో తోచలేదు. పేరు మాత్రం ఉండిపోయింది.

వీధి మలుపు తిరగగానే ఆమె కనపడకముందే వినపడుతుంది. మేస్త్రీ చేతిలో పని ఆపి విన్నాడు. ఒక టక్కుకీ ఇంకో టక్కుకీ మధ్య ఎడం సమానంగా లేదు. కీలు బాగా తుప్పు పట్టినట్టుంది, బిర్రుగా తిరుగుతోంది అనుకున్నాడు.

ఆమె గుమ్మం దాటి చెక్క పట్టీల మీద జాగ్రత్తగా నడిచి వచ్చింది. భుజానికి పొడుగాటి గుడ్డ సంచి.

"ఏం బావా, ఇవాళ కూడా మొహం కడుక్కోలేదా?"

"కడుక్కున్నాకే ఇలా ఉంది. అప్పుడే నన్ను చేసుకుని ఉంటే రోజూ నువ్వే కడిగేదానివి కదా."

"నా కాలే నేను ఈడ్చుకోలేక చస్తున్నాను, మధ్యలో నీ మొహం కూడానా!"

బావమరిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పాలిష్ చక్రం నుంచి నల్లటి పొడి ఎగిరి మీద పడీ పడీ అతని ఒంటి మీద కళ్ళూ పళ్ళూ తప్ప తెల్లగా ఉన్నదేదీ లేదు. అతను మేస్త్రీ భార్యకి తమ్ముడు. బావకీ ఇతనికీ ఎప్పుడూ ఒకటే తగువు. మెరుపంతా నాది, బావ నీళ్ళలో ముంచుతాడంతే అంటాడు. నా పూత లేకపోతే నీ మెరుపు పొద్దున్న మెరిసి సాయంత్రానికి తుప్పవుతుంది అని మేస్త్రీ ఎప్పుడో ఒకసారి అన్నాడు. తరవాత మళ్ళీ అనలేదు, ఒకసారి అన్నాను కదా అని.

తొట్టికి ఎదురుగా ఆమె స్టూలు ఉంది. కాలు చాపుకోవడానికి పక్కన ఒక చెక్క పెట్టె. కూర్చుని, ఉంగరం పైకి లాగి, పట్టాలు విప్పి కాలిపర్ అన్న చేతికిచ్చింది. ఇక సాయంత్రం దాకా ఆమెకి ఆ స్టూలే గతి. సంచి ఒళ్ళో పెట్టుకుంది. బావమరిది దాన్ని తీసి మేకుకి తగిలించబోయాడు.

"ఉండనీ బావా."

"ఏముందేంటి, బంగారమా?"

"కత్తెరలు. నీ వేళ్ళు తెగుతాయి."

మేస్త్రీ పీట మీద కూర్చుని తోలు పట్టాల మరలు విప్పాడు. తోలు ముడతల్లో తెల్లగా బూజు పట్టి ఉంది. వేలితో తుడిచి చూశాడు. బద్దని వెలుతురుకి తిప్పాడు.

"రోజూ వేసుకుంటున్నావా?"

"వేసుకోకపోతే ఎగిరి వచ్చానా? పేరుకేగా పిచ్చికని."

"ఊఁ."

కాలికి ఉన్న ఉక్కు ఎలా తుప్పు పడుతుందో అతనికి తెలుసు. చెమట తగిలే లోపలి పక్క పడుతుంది, తోలు కింద పడుతుంది. ఉంగరం జారే చోట మాత్రం పట్టదు. అక్కడ పూత అరిగిపోయినా, రాపిడికి ఇనుమే మెరుస్తూ ఉంటుంది. ఈసారి అంతా తలకిందులుగా ఉంది. ఉంగరం జారే చోటే ఎర్రటి పొడి. బయటి బద్ద మీద పైనుంచి కింది దాకా ఒక గీతలా తుప్పు, తడి గోడకి ఆనించిన వస్తువుకి పట్టినట్టు. బూటు అడుగు తిరగేసి చూశాడు. ఇవాళ్టి మట్టి తప్ప ఏమీ లేదు.

ఇది నెలల తరబడి కాలికి లేదు. ఇక్కడికి రావడానికి ఇవాళ తొడుక్కుంది. ఆ నడక తేడా తుప్పు వల్ల కాదు, అలవాటు తప్పడం వల్ల.

అయితే ఆమె నడుస్తున్నది ఇంకోదానితో. అదెలాంటిదో కూడా అతనికి తెలుసు. ఆసుపత్రిలో ఇప్పుడు కాలి అచ్చు తీసి ప్లాస్టిక్‌వి చేస్తున్నారని, తెల్లగా తేలిగ్గా ఉంటాయని, ఆమధ్య బావమరిదే ఎక్కడో విని వచ్చి చెప్పాడు. "తుప్పన్నదే పట్టదట బావా!" అన్నాడు. మేస్త్రీ అప్పుడు కూడా "మంచిదే" అన్నాడు.

ఆమె చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పకూడదనుకుంది. అడగడం తన పని కాదు, పూత వేయడం తన పని. లేచి చిన్న తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

చిన్న తొట్టిలో యాసిడ్ నీళ్ళు. పాత పూత ఊడదీయడానికి అది. కరెంటు పెట్టె మాత్రం రెంటికీ ఒకటే. పూత ఊడదీసేటప్పుడు తీగలు తిరగేస్తారు, వస్తువుకి ఎర్రది పెడతారు. కాలిపర్‌ని మామూలు కొక్కేనికి తగిలించి ముంచి, ఎర్ర తీగ బిగించి మీట వేశాడు. కొన్నాళ్ళ కిందట తను ఎక్కించిన పూత దిగిపోవడం మొదలైంది. అతను చేతులు కట్టుకుని నిలబడి చూశాడు.

ఈ పనిలోకి అతను వచ్చిందే ఆ కాలిపర్ కోసం. చెల్లెలికి మొట్టమొదట ఆసుపత్రిలో ఇచ్చింది ఉత్త ఇనుముది. చెమటకి తుప్పు పట్టి గౌనులన్నీ మరకలయ్యేవి. పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు. తల్లి పనికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. ఇతను ఇటుక పొడితో తోమేవాడు, నూనె రాసేవాడు. నూనె మరక తుప్పు మరక కంటే పెద్దదయ్యేది. ఒకరోజు వానలో నిలబెట్టిన సైకిల్ చూశాడు. చట్రం తుప్పు పట్టింది, హ్యాండిల్ మాత్రం నీళ్ళు కారుతూ మెరుస్తోంది. ఇది ఎక్కడ చేస్తారని అడుగుతూ అడుగుతూ ఈ షెడ్డుకి వచ్చాడు. తొట్లు కడుగుతానని చేరాడు. ముసలి మేస్త్రీ లేనప్పుడు తనే చెల్లెలి కాలిపర్ తెచ్చి ముంచేశాడు.

అద్దంలా వచ్చింది. కాని ఉంగరం లోపల కూడా పూత పడింది. బిగుసుకుపోయి పైకి రాలేదు. మర్నాడు ఆ పిల్ల బడిలో కాలు వంచలేక పొద్దంతా బల్లల మధ్య దారికి అడ్డంగా చాపుకుని కూర్చుంది. తట్టుకుని పడ్డవాళ్ళలో హెడ్మాస్టరు కూడా ఉన్నాడు. ఇంటికొచ్చి ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పింది. ఇతను నవ్వలేదు. అప్పటి నుంచి ఉంగరం లోపల మైనం పూయకుండా ఒక్కసారి కూడా తొట్టిలోకి దింపలేదు.

పాత పూత పోయింది. బూడిదరంగు ఇనుము బయటపడింది. కడిగి బావమరిదికి ఇచ్చాడు. అతను కీలు దగ్గర వేలు పెట్టి చూసి తలెత్తాడు.

"బావా, ఇదేంటి, ఈ కీలు అసలు..."

"నీ చక్రం ఊరికే తిరుగుతోంది చూడు."

బావమరిది మేస్త్రీ మొహం చూశాడు, స్టూలు వైపు చూశాడు, నోరు మూసుకుని కాలిపర్ చక్రానికి ఆనించాడు.

మధ్యాహ్నం ముగ్గురూ డబ్బాలు విప్పారు. చెల్లెలు మామూలు కంటే ఎక్కువ మాట్లాడింది. కొత్త ఫ్యాక్టరీలో కిటికీలు పెద్దవట. తన కింద పనిచేసే పిల్లలకి కత్తెర పట్టుకోవడం కూడా రాదట. గది మేడ మీద ఇచ్చారట.

"మెట్లు ఎక్కగలవా?"

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని కొంచెంసేపు నమిలింది. "ఎక్కుతాలే."

"ఆ పదో తరగతి పుస్తకం కూడా పట్టుకుపో," అన్నాడు బావమరిది. "నీ ఆడపిల్లలకి క్షయకరణం చెబుదువుగాని."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ రోజుల్లో ఈ స్టూలు మీదే కూర్చుని రసాయనశాస్త్రం పాఠం పైకి చదివేది. ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం ఆక్సీకరణం. ఎలక్ట్రాన్లను పొందడం క్షయకరణం. రెండూ ఎప్పుడూ కలిసే జరుగుతాయి. "ఇనుము తుప్పు పట్టడం మొదటిది. ఈ తొట్టిలో పూత పడడం రెండోది. అర్థమైందా అన్నయ్యా?"

"పొందితే క్షయం అంటారేంటే?"

"పుస్తకంలో అలానే ఉంది."

"ఆ రాసినాయనెవరో తీగలు తిరగేసి పెట్టుకున్నట్టున్నాడు. సరే, ఎలక్ట్రాన్లంటే ఎలా ఉంటాయి?"

"కనపడవు. నీ నల్ల తీగలోంచి వచ్చేవి అవే."

"అవా. అవి నాకు తెలుసులే."

ఆ ప్రశ్నే పరీక్షలో వచ్చింది. ఆమె తొట్టి బొమ్మని గుడ్డ సంచులతో సహా వేసి వచ్చింది. మాస్టారు ఆ సంచులు చూసి చాలాసేపు నవ్వాడట.

తిన్నాక మేస్త్రీ కాలిపర్‌ని వేడి సోడా నీళ్ళలో ముంచి జిడ్డు తీశాడు. కడిగి పైకెత్తి చూశాడు. నీళ్ళు చుక్కలు కట్టకుండా ఒకే పొరగా జారాయి. అంటే శుభ్రంగా ఉన్నట్టు. ఉంగరం లోపల మైనం పూశాడు. యాసిడ్‌లో ఒక మునక, మళ్ళీ నీళ్ళు. ఇక గోడ మేకు నుంచి ఆ కొక్కెం తీశాడు.

అది మిగతా కొక్కేల్లాంటిది కాదు. మొదటి కాలిపర్ కోసం అతను లావాటి రాగి తీగ వంచి చేసుకున్నది. వస్తువుతో పాటు కొక్కెం కూడా తొట్టిలో మునుగుతుంది కాబట్టి దానికీ పూత పడుతుంది. మిగతా కొక్కేలకి అప్పుడప్పుడూ ఊడదీస్తారు, దీనికి ఎప్పుడూ ఊడదీయలేదు. చెల్లెలు ఎదిగినకొద్దీ కాలిపర్‌లు మారాయి. ఒక్కోదాని మీద పూత అరిగింది, ఊడింది, మళ్ళీ పడింది. కొక్కెం మీది పూత ఎవరూ అరగదీయలేదు. ఏటేటా మీద మీద పేరుకుని, బుడిపెలు కట్టి, వేలంత లావైంది. ఒకసారి కింద పడి అంచు పెచ్చు లేస్తే లోపల ఉల్లిపాయలా పొరలు కనిపించాయి. "పిచ్చిక కాలికంటే నీ కొక్కేనికే కండ పట్టింది బావా" అంటాడు బావమరిది.

కాలిపర్‌ని దానికి తగిలించి మధ్య కడ్డీ నుంచి దింపాడు. ఆకుపచ్చ నీళ్ళు దాన్ని మింగాయి. తీగలు బిగించాడు. తలలో మేడ మీద గది, మెట్లు, తడి గోడ, దానికి ఆనించిన కాలిపర్. మీట వేశాడు.

"అన్నయ్యా! ఎర్రది!"

ఆమె కాలిపర్ లేదన్న సంగతి మరిచి లేచింది. ఒంటికాలి మీద ఊగి తొట్టి అంచు పట్టుకుంది. ఒళ్ళోంచి సంచి జారి చెక్క పట్టీల మీద పడింది.

మేస్త్రీ మీట తీసేశాడు. అప్పుడు చూశాడు. మధ్య కడ్డీకి ఎర్ర తీగ ఉంది. చిన్న తొట్టి దగ్గర ఎలా పెట్టాడో ఇక్కడా అలాగే పెట్టేశాడు. పలకల దగ్గర బుడగలు ఇంకా లేస్తున్నాయి. అటు కరగాల్సిన పలకలు కరగకుండా, ఇటు కాలిపరే నీళ్ళలోకి దిగడం మొదలుపెట్టింది. తల నెరిసే దాకా చేసిన పనిలో ఎన్నడూ ఆ చెయ్యి ఆ తప్పు చేయలేదు.

పాలిష్ చక్రం ఆగింది. బావమరిది రెండడుగులు ముందుకి వచ్చి నిలబడిపోయాడు.

సంచిలోంచి తెల్లటి ప్లాస్టిక్ కాలిపర్ సగం బయటికి వచ్చి తడిలో పడి ఉంది.

చెల్లెలు మెల్లగా స్టూలు మీద కూర్చుంది. దాన్ని తీసుకోవడానికి వంగలేదు. మేస్త్రీయే వెళ్ళి తీశాడు. చొక్కాతో తుడిచాడు. చేతిలో తూకం వేసినట్టు ఆడించాడు. లోపల ఎక్కడైనా గరుకుందేమోనని వేలు పెట్టి అంచులన్నీ తడిమాడు.

"మంచిదే," అన్నాడు.

"అదే. ఆ మంచిదే వినలేకే చెప్పలేదు."

"చెప్పాల్సింది."

"చెబితే మంచిదే అంటావు. ఇంటికెళ్ళి అన్నం తినవు. వదిన ఫోన్ చేసి నన్ను తిడుతుంది, మా ఆయన్ని ఏమన్నావే అని. నేను నిన్నేం అన్నాను చెప్పు?"

బావమరిది నవ్వబోయి దగ్గాడు.

"ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"లేదు."

"మెట్లు?"

"దీనితో ఎక్కుతున్నా. ఆ బరువుతో ఎక్కలేను అన్నయ్యా. ఇదివరకటి దాన్ని కాదు." ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "దీనికి చప్పుడు కూడా లేదు. మొదటిరోజు వీధిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, నాతో వచ్చేవాళ్ళెవరో ఆగిపోయారేమోనని."

మేస్త్రీ తొట్టి దగ్గరికి వెళ్ళి కాలిపర్ పైకి తీశాడు. అద్దంలా ఉన్న ఇనుము మసి పట్టినట్టు నల్లబడింది. కొక్కెం కూడా వెలిసిపోయింది.

"ఇంక వదిలెయ్ అన్నయ్యా. ఎలాగూ..."

"నల్లబడిందే. ఇలా ఎలా వదిలేస్తాను?"

బావమరిదికి ఇచ్చాడు. అతను ఈసారి ఒక్క జోకు కూడా వేయకుండా బద్దలు, కమ్మి, కీళ్ళు అన్నీ మళ్ళీ మెరిపించాడు. మళ్ళీ సోడా, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ మైనం. మేస్త్రీ కొక్కెం కడిగి కాలిపర్ తగిలించి దింపాడు. తీగలు బిగించి, మీట మీద చెయ్యి ఉంచి ఆగాడు.

"చూడు."

ఆమె స్టూలు మీంచి ముందుకి వంగి చూసింది. "మధ్యకి నల్లది. పలకలకి ఎర్రది. సరిగ్గా ఉంది."

మీట వేశాడు.

తరవాత చాలాసేపు ఎవరికీ పని లేదు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఆ పచ్చదనం అడుగున ఎక్కడో పలకలు పోతున్నాయి, కాలిపర్‌కి వస్తోంది. చెల్లెలు పెట్టె మీద కాలు చాపుకుని, గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందో లేదో. మధ్యలో మేస్త్రీ లేచి, కొక్కెం పట్టిన చోటు పూత లేకుండా మిగిలిపోకుండా కాలిపర్‌ని కొంచెం పక్కకి జరిపి తగిలించాడు. ఎప్పుడూ చేసే పనే. ఎప్పుడూ తీసే వేళకి తీయలేదు. ఇంకా ఉంచాడు. వెలుతురు రేకుల సందులోంచి తప్పుకుని వెళ్ళిపోయేదాకా ఉంచాడు.

బయటికి తీసి వేడినీళ్ళలో ముంచి, మైనం కరిగించి, రంపపు పొట్టులో పొర్లించి ఆరబెట్టాడు. పట్టాలు ఎండలో పెట్టి బూజు దులిపి ఉంచాడు, వాటిని మరలతో బిగించాడు. ఉంగరం పైకి లాగి వదిలాడు. టక్.

"అబ్బ, ఇలాంటిది నీ చేతిలోంచి ఇంకోటి రాలేదు బావా," అన్నాడు బావమరిది. కాసేపాగి, "మెరుపు మాత్రం నాదే," అన్నాడు.

చెల్లెలు ప్లాస్టిక్‌ది తొడుక్కుని చెక్క పట్టీల మీద గుమ్మం దాకా నడిచి, తిరిగి వచ్చింది. మేస్త్రీ కాలు చూడలేదు, నడుము చూశాడు. నడుము వంగడం లేదు. భుజం కూడా ఎగరడం లేదు. తల ఊపాడు.

ఆమె ఉక్కు కాలిపర్ సంచిలో పెట్టుకోబోయింది.

"అదెందుకు, బరువు."

"బరువైతే నేను మోస్తాను కదా. నీకేంటి? ఎండాకాలం ఈ ప్లాస్టిక్ లోపలంతా చెమట. ఇంట్లో ఉన్నప్పుడు అదే వేసుకుంటాను."

అది నిజమో కాదో మేస్త్రీ అడగలేదు. కాలిపర్ ఆమె చేతిలోంచి తీసుకుని, నూనె గుడ్డలో పైనుంచి కింది దాకా చుట్టి, దారం కట్టి ఇచ్చాడు.

"గోడకి ఆనించకు. తడి లాగుతుంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకి, పొద్దున్న మరలు విప్పినప్పుడే అతనికి తెలిసిపోయిందని. కళ్ళు తుడుచుకోకుండా నవ్వింది. "ఆనించను."

అతను పొట్టు దులపడానికి వెనక్కి తిరిగాడు.

"వెళ్ళొస్తా అన్నయ్యా."

"ఊఁ."

పొట్టు డబ్బాలోకి ఎత్తాడు. కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. ఆమె ఇంకా గుమ్మంలో నిలబడే ఉంది అనుకున్నాడు, వెళ్ళే చప్పుడు వినపడలేదు కాబట్టి. అందుకని గోళ్ళ సందుల్లోంచి పచ్చదనం గీక్కుంటూ, ఎన్నడూ లేనంత పొడుగ్గా మాట్లాడాడు.

"అక్కడ నీళ్ళు ఎలాంటివో చూసుకో. ఉప్పు నీళ్ళయితే దీన్ని తడి గుడ్డతో తుడవకు. ఆ ప్లాస్టిక్ దానికి కూడా మరలు ఉక్కువే, చూశాను. అవి పడతాయి తుప్పు. పట్టినప్పుడు ఆ మరలు ఊడదీసి పోస్టులో పంపు. వేసి పంపుతా. ఆ మెట్ల మీద దీపం లేకపోతే అడిగి పెట్టించుకో. సెలవులు దొరికితే..."

"వెళ్ళిపోయింది బావా," అన్నాడు బావమరిది.

"ఎప్పుడు?"

"నువ్వు ఊఁ అన్నావు చూడు, అప్పుడే."

మేస్త్రీ కుళాయి కట్టి గుమ్మం దగ్గరికి వచ్చాడు. మలుపు దాకా వీధి ఖాళీగా ఉంది. కాసేపు నిలబడి విన్నాడు. తరవాత లోపలికి వెళ్ళి, కరెంటు పెట్టె కట్టేసి, రెండు తీగలూ విప్పి వేటి మేకుకి వాటిని చుట్టి, తొట్టి మీద మూత దింపాడు. బావమరిది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయట అరుగు మీద అతని కోసం కూర్చున్నాడు. మేస్త్రీ ఆఖరున కొక్కెం నీళ్ళలో ఒకసారి జాడించి, దాని మేకుకి దాన్ని తగిలించి, దీపం ఆర్పి తలుపు చేరవేశాడు.

పై పొర కొత్తగా మెరుస్తున్న ఆ కొక్కెం చివర ఒక పచ్చటి చుక్క, పడనా వద్దా అన్నట్టు, నిలబడి ఉంది.